తెండాని రాయి డబ్బు

మా సంఘంలో డబ్బు బయటికి రావాలంటే ఎవరో ఒకరు చావాలి. పెళ్లికి రాదు, పిల్లల ఫీజుకి రాదు, ఇల్లు కాలినా రాదు. చావుకే వస్తుంది. పెట్టెకి, టెంటుకి, వచ్చినవాళ్లకి పెట్టే సంకటికీ మాంసానికీ కలిపి పది వేల రాండ్లు, అడిగిన రోజునే చేతిలో పెడతాం. దక్షిణాఫ్రికాలో ఓ మూల, చకుమా రోడ్డు పక్కన అరటిపండ్లు, మామిడిపండ్లు, అవకాడోలు అమ్ముకునే ఆడవాళ్లం అరవై నలుగురం. తలా నూట యాభై నెలనెలా వేస్తాం. మా నియమాలు ఎక్కడా రాసి లేవు. అందరి నోటా ఒకటే మాట: "సంచి చచ్చినోళ్లది."

నేను ముప్పై ఒక్క ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. రిటైరయ్యాక మా అమ్మ అంగడి నా నెత్తిన పడింది. దానితోపాటు సంఘం పుస్తకమూ పడింది, రాయడం వచ్చినదాన్ని కదా అని. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చదువుతూ చదువుతూ తప్పెవరిదా అని మీరు వెతుక్కోనక్కర్లేదు. లెక్కల టీచరుది.

అప్పట్లో సంచి, అంటే సంఘం డబ్బు, మాలోనే అవషోని అనే ఆమె దగ్గర ఉండేది. ఒక ఏడాది నాలుగు వేలు తక్కువొచ్చాయి. అడిగితే, "నేనెక్కడ తిన్నాను? బ్యాంకు తిన్నది. నెలనెలా చార్జీలని కోసుకుంటోంది" అంది. ఇంకేముంది! మా ఆడవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదు. తెల్లారేసరికి మాట రోడ్డంతా పాకింది, సాయంత్రానికి పాట కట్టేశారు. అరటిగెలలు దించుతూ ఒకతి "ఎవరు తిన్నారే?" అనాలి, మిగతావాళ్లంతా "బ్యాంకు తిన్నదే!" అనాలి. "ఎంత ఆకలే?" "నాలుగు వేల ఆకలే!" అవషోని ఆరు నెలలు ఓర్చుకుంది. తర్వాత పోలోక్వానేలో చెల్లెలి దగ్గరికి పోయింది, మళ్లీ రాలేదు. పాట మాత్రం మా దగ్గరే ఉండిపోయింది. చిల్లర తక్కువిచ్చిన ప్రతివాడికీ అదే పాట. ఇప్పుడు తలుచుకుంటే, ఆ నాలుగు వేలలో సగమైనా నిజంగా బ్యాంకే తిన్నదేమో. అప్పుడు ఎవరమూ చూడలేదు. పాట బాగుంది మరి.

అవషోని తర్వాత సంచి మసిండి చేతికి వెళ్లింది. మసిండి ఆసుపత్రి వంటశాలలో పనిచేస్తుంది. తెల్లవారుజామున అక్కడ గంజి కాచి, మధ్యాహ్నం వచ్చి తల్లి అంగట్లో కూర్చుంటుంది. మా అరవై నలుగురిలో నెలజీతం ఉన్నది ఆమె ఒక్కదానికే. "జీతం వచ్చేది పండ్లమ్ముకునేవాళ్ల డబ్బెందుకు తింటుంది?" అని అందరూ ఒకే మాట మీద నిలబడ్డారు. అందరం కలిసి ఒక మాట మీద నిలబడ్డది అదే మొదటిసారి. ఆ మాటే ఆమె కొంప ముంచింది.

సంఘం పేరున ఖాతా తెరవాలంటే నియమాలు కాగితం మీద పెట్టాలి. అందరి సంతకాలూ కావాలి. ముగ్గురు గుర్తింపు కార్డులు పట్టుకుని టౌనుకెళ్లి వరసలో నిలబడాలి. "ఇంత రాద్ధాంతం ఎందుకు? ఆమె పేరునే ఐదేళ్లకి డిపాజిట్ చేసేద్దాం. చావుల ఖర్చుకి చేతి ఖాతాలో కాస్త ఉంచుకుంటే చాలు" అన్నది నేనే. ఆరు లక్షల ఎనభై వేలు, నూటికి ఎనిమిది వడ్డీ, ఏడాదికి యాభై నాలుగు వేల నాలుగు వందలు. అట్టపెట్టె మీద బొగ్గుతో లెక్క వేసి చూపించాను. ఆడవాళ్లు నాలుక ఆడించి కేకలు పెట్టారు. ఆ పూట నేను నేల మీద నడవలేదు.

మసిండిని ఎవరూ మసిండి అనరు. తెండాని వాళ్లమ్మా అంటారు. మా దగ్గర తొలిబిడ్డ పుట్టిన రోజు నుంచి ఆడదాని పేరు ఆ బిడ్డ పేరే. బిడ్డ పోయినా ఆ పిలుపు పోదు.

తెండాని పోయాడు. సంచి ఆమె చేతికొచ్చిన ఏడాదే. ఇరవై ఆరేళ్లవాడు, టీ తోటల దగ్గర మలుపులో, పొగమంచులో, పికప్ బండి వెనక నిలబడి పనికి పోతూ. బండి తిరగబడింది. సంఘం ఇవ్వాల్సిన పది వేలు మసిండి తన చేత్తోనే బ్యాంకులో తీసి తన చేత్తోనే పుచ్చుకుంది. నేను పుస్తకంలో రాశాను. పెట్టె ధర, టెంటు అద్దె, మాంసం ఎన్ని కిలోలు, అన్నీ రాశాను. శ్మశానంలో కింది వరసలో, వాగు వైపు, వాణ్ణి పెట్టాం. తలవైపు గుచ్చిన రేకు మీద నంబరు రెండు వందల పద్నాలుగు. మట్టిదిబ్బ మీద వాడు టీ తాగే తెల్ల ఎనామిల్ మగ్గు బోర్లించింది వాళ్లమ్మ.

ఏడాది తిరిగేసరికి దిబ్బ మీద రాయి నిలబెట్టి, గుడ్డ తీసి, అన్నం పెట్టాలి. అప్పటికి గాని చావు పూర్తయినట్టు కాదు. రాయి సంఘం ఇవ్వదు. నల్లరాయి, పేరు చెక్కి, సిమెంటు పోసి నిలబెట్టడంతో సహా పదహారు వేలు. మసిండి మొగుడు జోహన్నెస్‌బర్గ్‌లో ఇంకో కాపురం పెట్టుకుని ఏళ్లయింది. ఇద్దరు ఆడపిల్లల చదువు, తల్లి మందులు పోను ఆమెకి నెలకి ఐదు వందలు మిగిలేవి. "టీచరమ్మా, ఎన్నాళ్లకి అవుతుంది?" అనడిగింది. "ముప్పై రెండు నెలలు. రెండేళ్ల ఎనిమిది నెలలు" అని నోటిలెక్క చెప్పాను. "పర్లేదు. ఆ మాత్రం ఆగుతాడులే" అంది.

రాళ్ల షాపు ఆసుపత్రికీ మా అంగళ్లకీ మధ్యలో ఉంది. ఒక స్టాపు ముందే టాక్సీ దిగి, షాపు ముందు వరసగా నిలబెట్టిన రాళ్లలో ఒకదాని దగ్గర కాసేపు ఆగి, తర్వాత ఎండలో నడిచి వచ్చేది. ఏ రాయి అని నేనెప్పుడూ అడగలేదు.

మొదటి ఏడాది గడిచి, జూలైలో అనుకుంటా, మాకది చలికాలం, మేం అంగళ్ల వెనక మంట వేసుకుని కూర్చున్నాం. మసిండి ఫోను చేతిలో పట్టుకుని నా పక్కన చేరింది.

"టీచరమ్మా, వడ్డీకి కూడా పన్ను ఉంటుందా?"

నేను వేరుశనక్కాయలు ఒలుస్తున్నాను. ఫోను వైపు చూడను కూడా చూడలేదు. "ఏంటి తెండాని వాళ్లమ్మా, బ్యాంకు తిన్నది అయిపోయింది, ఇప్పుడు పన్ను తిన్నదా? కొత్త పాట కట్టమంటావా ఏంటి?" అన్నాను.

మంట చుట్టూ ఉన్నవాళ్లు ఒకటే నవ్వు. ఒకతి చప్పట్లు కొట్టి "ఎవరు తిన్నారే?" అని అందుకుంది కూడా. మసిండి తనూ నవ్వింది. ఫోను జేబులో దోపుకుని లేచి వెళ్లింది. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ ఫోనులో ఏముందో నాకు మూడేళ్లు దాటాక తెలిసింది. నువ్వు ఐదు వేల ఐదు వందల ఎనిమిది రాండ్లు పన్ను కట్టాలి అని ఉంది. రాయి కోసం ఆమె ఆ ఏడాది దాచింది ఆరు వేలు. కట్టేసింది. నాలుగు వందల తొంభై రెండు మిగిలాయి. మరుసటి జూలైలో అదే మెసేజి, అదే అంకె. ఆపై ఏడాది అదే. దాచడం, కట్టడం. కన్నకొడుకు రాయి ఏడాదికోసారి వచ్చినట్టే వచ్చి పోయేది.

రెండేళ్ల ఎనిమిది నెలలు దాటాయి. రాయి లేదు. మూడేళ్లు దాటాయి. లేదు. జనం ఊరుకుంటారా? అందరికంటే ముందు ఆడపడుచు మువోఫే దిగింది. మా దగ్గర ఆడపడుచంటే ఇంటికి సగం రాజు. పెళ్లికి, చావుకి, పెద్దల పూజకి ఆవిడ మాటే మాట. మువోఫే నిండు సంతలో, మామిడిపండ్ల బుట్టల మధ్య నిలబడి అందుకుంది.

"ఏం వదినా, నా మేనల్లుణ్ణి నంబరు రేకు కింద పడుకోబెట్టి ఎన్నాళ్లయింది? వాడేమన్నా కారా, నంబరు ప్లేటు పెట్టి వదిలేయడానికి? నాకు కలలోకొచ్చి చలేస్తోందత్తా అంటున్నాడు."

"పెడతాను వదినా. ఈ ఏడాది పెడతాను."

"ఆరేడు లక్షలు ఒళ్లో పెట్టుకు కూర్చున్నావు. కొడుక్కి ఒక రాయి ముక్క కరువైందా?"

"అవి నావి కావు కదా."

"నీవి కావని ఇంకా గుర్తుందా? మంచిదే!"

మువోఫే వాళ్లన్న, అంటే మసిండి మొగుడు, ఇన్నేళ్లలో ఒక్క రాండు పంపలేదన్న సంగతి ఆవిడకి గుర్తు రాలేదు. అక్కడ కూర్చున్న మాకూ రాలేదు. నేను అరటిపండ్ల మీద ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే నాకూ లోపల అనుమానం పుట్టింది. రెండేళ్ల ఎనిమిది నెలల లెక్క చెప్పింది నేనే కదా, ఆ డబ్బంతా ఏమైంది అని. ఆ రోజు రాత్రి సంఘం పుస్తకం రెండుసార్లు తిరగేశాను. ఒక్క సెంటు తేడా లేదు. నాకు ఊరటగా అనిపించింది. ఆ ఊరట తలుచుకుంటే ఇప్పుడు నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

నాలుగో జూలై కూడా దాటాక, ఆ ఏడాది చివర్లో మసిండి చిన్నకూతురు రోఫివా కాలేజీ సాయానికి దరఖాస్తు పెట్టుకుంది. కాగితాల మీద సంతకం కోసం నా దగ్గరికి వచ్చింది. తల్లి ఆదాయం చూపించే కాగితం ఒకటి అందులో ఉంది. జీతం ఎదురుగా జీతం. దాని కింద, వడ్డీ: 54,400.

ఆ అంకె నాకు తెలుసు. అట్టపెట్టె మీద బొగ్గుతో నేను వేసిన అంకె. దాని కింద ఇంకో అంకె, 5,508. కట్టిన తేదీ. వెనక ఏళ్ల కాగితాలు కూడా ఉన్నాయి. అదే అంకె, నాలుగుసార్లు.

"ఇదేంటే?" అన్నాను.

"అమ్మ ఏటా కడుతుంది మామ్మా. ఎవరికీ చెప్పొద్దంది" అంది పిల్ల, పొరపాటున నోరు జారినట్టు.

మర్నాడే టౌనుకెళ్లి బ్యాంకులో కూర్చున్నాను. అక్కడి అమ్మాయి ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నదే. విసుక్కోకుండా చెప్పింది.

"మేం వడ్డీలోంచి పన్ను కొయ్యం టీచర్. పూర్తిగా ఇచ్చేస్తాం. ఏడాది చివర ఎవరి పేరున ఎంత వడ్డీ వచ్చిందో కాగితం రాసి ఒకటి ఆ మనిషికి, ఒకటి పన్నుల ఆఫీసుకి పంపిస్తాం. అరవై ఐదేళ్ల లోపు వాళ్లకి ఏడాదికి ఇరవై మూడు వేల ఎనిమిది వందల దాకా వడ్డీ మీద పన్ను లేదు. అది దాటితే, దాటినంత మటుకు జీతంలో కలుపుతారు."

"దాటింది ముప్పై వేల ఆరు వందలు" అన్నాను.

"ఆమె జీతానికి నూటికి పద్దెనిమిది పడుతుంది."

"ఐదు వేల ఐదు వందల ఎనిమిది."

"మీరు ఇప్పటికీ నోటితోనే చేసేస్తారు టీచర్!" అని నవ్వింది. ఆ నవ్వు చూడలేక బల్ల వైపు చూశాను.

"అమ్మా, ఇదే డబ్బు ఒక పండ్లమ్మే మనిషి పేరున ఉంటే?"

"వేరే జీతం లేకపోతేనా? ఏడాదికి తొంభై వేలు దాటితే గాని పన్నే పడదు కదా. ఏమీ ఉండదు."

"సంఘం పేరున పెట్టి, అరవై నలుగురికీ పంచి చూపిస్తే?"

ఆ అమ్మాయి మిషను మీద కొట్టింది. నేను ముందే చేసేశాను. మనిషికి ఎనిమిది వందల యాభై. ఆ ఇరవై మూడు వేల గీతకి ఆమడ దూరం. పన్ను సున్నా.

అరవై నలుగురు ఆడవాళ్లలో ఎవరి పేరున పెట్టినా సున్నా వచ్చేది. ఒక్క పేరు తప్ప. ఏరి ఏరి ఆ ఒక్క పేరునే పెట్టాం. జీతం ఉంది కదా అని. అంతా కలిసి, చప్పట్లు కొట్టి మరీ.

కట్టినది వెనక్కి రాదా అనీ అడిగాను. పోయిన ఏడాదిది తిరగదోడమని అడగొచ్చు, ఆ డబ్బు సంఘానిదని చూపించే కాగితం ఉంటే, పాతవాటికి గడువు దాటిపోయినట్టే అంది. కాగితం! "సంచి చచ్చినోళ్లది" అన్న మాట తప్ప మా దగ్గర ఇంకేముంది?

బ్యాంకు నుంచి నేరుగా ఆసుపత్రి వంటశాల వెనక గుమ్మానికి వెళ్లాను. మసిండి గంజి డేగిసా తోముతోంది. నన్ను చూసి, పెద్దదాన్నని, తడిచేతులతోనే నేలకి వాలి పలకరించబోయింది. భుజం పట్టుకుని ఆపాను.

"ఎందుకు చెప్పలేదు?"

దేని గురించో అడగలేదు. చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుంది.

"అడిగాను కదా టీచరమ్మా ఒకసారి."

"నవ్వులాటకన్నానే నేను!"

"తెలుసు. నేనూ నవ్వాను."

"మళ్లీ అడగొచ్చు కదా. సంఘం కట్టేది. వడ్డీ సంఘానిది, పన్నూ సంఘానిదే."

"సంచి చచ్చినోళ్లది కదా. పన్నుకి తియ్యమని ఏ నోటితో అడగను? అడిగినా ఎవరు నమ్ముతారు? అవషోని బ్యాంకు తిన్నదంది. నేను పన్ను తిన్నదంటాను. సాయంత్రానికి పాట తయారు."

"పాటదేముందే? అనుకుంటే అనుకోనీ..."

"అది కాదు టీచరమ్మా." గొంతు తగ్గించింది. "నా పేరేంటి? నన్నేమని పిలుస్తారు మీరంతా? పాట కడితే ఏమని కడతారు? 'తెండాని వాళ్లమ్మ తిన్నదే' అని. వాడి పేరు దొంగతనం పాటలో పడుతుంది. రోడ్డు మీద గెలలు దించుతూ రోజూ వాడి పేరు ఎత్తుతారు. నేను వినలేను. రాయి కొంచెం ఆలస్యమైతే ఏముంది? వాడెక్కడికి పోతాడు?"

నేను అక్కడే, ఎంగిలి డేగిసాల పక్కన, మెట్టు మీద కూర్చుండిపోయి ఏడ్చాను. నర్సమ్మలు తొంగిచూశారు. మసిండి గ్లాసుడు టీ తెచ్చిచ్చి, "ఊరుకోండి, బీపీ మనిషి" అంది. ఆమె నన్ను ఓదార్చింది, ఆమె నన్ను!

ఆ ఆదివారం సంఘం పిలిచాను. అట్టపెట్టె తెచ్చాను, బొగ్గు తెచ్చాను. మొత్తం వడ్డీ వేశాను. గీత వేశాను. గీత దాటింది వేశాను. నాలుగేళ్లది కూడాను: ఇరవై రెండు వేల ముప్పై రెండు రాండ్లు. "ఇది మనం తిన్నాం" అన్నాను. "బ్యాంకు కాదు, పన్ను కాదు. మనం. తెండాని రాయి మనం తిన్నాం. ముందు నేను తిన్నాను." దారిన పోయేవాడు అవకాడోలు ఎంతకిస్తావని అడిగితే కసిరి పంపేశారు.

చివరికి ఒక ముసలావిడ అంది, "సంచి చచ్చినోళ్లది అంటారు కదా. ఇదీ చచ్చినోడి కోసమే. ఇచ్చెయ్యండి."

చేతులెత్తమనేలోపే అందరి చేతులూ లేచాయి. అప్పుడు మువోఫే గుంపు వెనక నుంచి వచ్చింది. ఆడపడుచు వదినకి వంగడం నేను నా జన్మలో చూడలేదు. మువోఫే వచ్చి, మసిండి ముందు ఆ దుమ్ములో పక్కకి వాలి, రెండు చేతులూ జోడించింది. మసిండి కంగారు పడిపోయి, "లే వదినా, బట్టలు మాసిపోతాయి, లే" అంటూ తనూ కింద కూలబడింది. ఇద్దరూ అలా దుమ్ములో కూర్చుని ఏడుస్తుంటే మేం చుట్టూ నిలబడి ఏడ్చాం.

నెలలోపల నియమాలు కాగితం మీదకి ఎక్కించాను. అరవై నలుగురి సంతకాలు, వేలిముద్రలు. డిపాజిట్ గడువు తీరగానే డబ్బు సంఘం పేరున ఖాతాలోకి మారింది. నాలుగేళ్ల క్రితం రాద్ధాంతం అన్నానే, ఆ మొత్తం పని రెండు పూటలు పట్టింది. రెండే రెండు పూటలు.

మసిండి రాళ్ల షాపుకి వెళ్లి, నాలుగేళ్లుగా ఆగి చూస్తున్న రాయి దగ్గరే నిలబడి, "ఇదే" అంది. ధర అప్పటికి పద్దెనిమిది వేలయింది. ఈస్టరుకి నిలబెడదామని మువోఫే ముహూర్తం పెట్టింది. కొడుకు పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. కింద "పడుకో నాన్నా" అని చెక్కించింది. రాయి మీద కప్పే గుడ్డ కూడా కొని మడతపెట్టి ఉంచుకుంది.

ఫిబ్రవరిలో వానలు పట్టాయి. పట్టాయంటే, తొమ్మిది రోజులు వదల్లేదు. బడులు మూశారు. టౌను దారిలో వంతెన మునిగింది. మా అంగళ్ల రేకులు రెండు ఎగిరిపోయాయి. పదో రోజు ఎండ కాసింది. వాగు శ్మశానంలోకి తిరిగిందని కబురొచ్చింది.

రాళ్ల షాపాయన ఈస్టరుదాకా ఆగలేదు. పునాది ఇప్పుడే పోసేస్తే పండగనాటికి సిమెంటు గట్టిపడుతుంది కదా అని, ఎవరో చెప్పిన మాట మీద ఆ శనివారమే రాయి బండి మీద వేసుకుని వచ్చేశాడు. మేం ఓ ఇరవై మందిమి బండి వెనకే నడిచాం. మసిండి ముందు, చేతిలో ఆ గుడ్డ మడత.

పై వరసలు బాగానే ఉన్నాయి. కింది రెండు వరసలూ లేవు. దిబ్బలు లేవు, రేకులు లేవు, మగ్గులు లేవు. గేటు నుంచి వాగుదాకా ఒకటే ఇసుక, ఎండలో తెల్లగా, ఇస్త్రీ చేసినట్టు. ఒక మూల మాత్రం ఒకే ఒక్క రాయి పక్కకి ఒరిగి నిలబడి ఉంది. మా సంఘంలో ఒకామె మొగుడిది. తెండాని పోయిన ఏడాదే పోయాడాయన. మరుసటి ఏడాదే రాయి పెట్టించింది. సిమెంటు పునాది దాన్ని పట్టుకుని ఆపింది. అదే వరస, అదే వాగు.

మువోఫే ఆ రాయి దగ్గర నుంచి అడుగులు వేసుకుంటూ వచ్చింది. "తొమ్మిదోది. తొమ్మిదోది వాడిది. నాకు బాగా గుర్తు."

"ఏడోది" అంది మసిండి. ఆమె కూడా నడిచింది. ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ నడిచింది. ఈసారి ఇంకోచోట ఆగింది. "ఏడోదే అనుకుంటా."

నేలే కోసుకుపోయింది, అసలు కింద ఏమైనా మిగిలిందో లేదో అని షాపాయన మెల్లగా నాతో అనబోయాడు. నోరు ముయ్యమని సైగ చేశాను. పనివాళ్లు పారలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. "ఎక్కడ తవ్వమంటావమ్మా?" అని ఆయన గట్టిగా అడిగాడు. "ఎక్కడో ఒకచోట పెట్టేద్దాం వదినా, వాడు చూసుకుంటాడులే" అంది మువోఫే. మసిండి తల అడ్డంగా ఊపింది. "ఇంకెవరి గుండెల మీదో వాడి పేరు పెడితే ఎలా వదినా?"

కాసేపు ఇసుకలో కూర్చుంది. అరచేత్తో నేలని తడుముతూ కూర్చుంది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బతికిపోయేదాన్ని.

"టీచరమ్మా, మీరు లెక్కలు బాగా చేస్తారు కదా" అంది. "ఆ రోజు మీరూ ఉన్నారు, అన్నీ రాసుకున్నారు. గేటు నుంచి వాడి దగ్గరికి ఎన్ని అడుగులో చెప్పరూ?"

నా పుస్తకంలో అన్నీ ఉన్నాయి. పెట్టె ధర ఉంది, టెంటు అద్దె ఉంది, మాంసం ఎన్ని కిలోలో ఉంది. అది లేదు.